ఖాళీ చేయమనే నోటీసు: రాయని కారణం

ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చే నోటీసులో కారణాలు రాస్తారు. కిరాయి కట్టలేదు, ఇంకొకరికి ఇచ్చినవు, ఇల్లు మాకే కావాలె. కులం మాత్రం ఎక్కడా రాయరు. రాయని ఆ కారణానికి కూడా చరిత్ర ఉంది. దాన్ని ఆబిడ్స్, నాంపల్లి గల్లీల నుంచి మొదలుపెట్టి చూడాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. తర్వాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేసింది, నాంపల్లి లాంటి చోట్ల ఇరుకు బస్తీలు తీసేసి కొత్త ఇళ్లు కట్టింది. 1935లో ఆబిడ్స్, నాంపల్లి మధ్య లేచిన మొజంజాహీ మార్కెట్‌కు బోర్డు అధ్యక్షుడు, నిజాం రెండో కొడుకు పేరే పెట్టారు. మార్కెట్ రాయి నిలిచింది. బస్తీల నుంచి లేచిపోయినవాళ్ల పేరు ఏ రాయి మీదా లేదు. సర్కారు దాన్ని పారిశుద్ధ్యం అన్నది. పట్టా లేని, రసీదు లేని కూలివాడికి అది ఇల్లు పోవడమే.

బంగళాల్లో పనిచేసిన మన పెద్దల సంగతి ఇంకో తీరు. వెనక గదిలో కాపురం. పని పోతే గదీ పోయేది. దానికి నోటీసుండదు, గడువుండదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ తర్వాత బడులు నడిపాడు. ఆయన ఉద్యమానికి చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ నిలిచింది. ఎవరూ ఖాళీ చేయమనలేని చోటు ఒకటి ఉండటం ఆ కాలంలో చిన్న విషయమా?

పట్టణపు కిరాయిదారుకు 1954 హైదరాబాద్ చట్టం, ఆ తర్వాత 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం కొంత అండ ఇచ్చాయి. ఒప్పందం గడువు తీరినా చట్టం చెప్పిన కారణం రుజువైతే తప్ప ఖాళీ చేయించరాదు. కిరాయికి రసీదు అడగొచ్చు. యజమాని కిరాయి తీసుకోనంటే మనియార్డరు పంపొచ్చు, రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయొచ్చు. నోటీసు కోర్టు ఆర్డరు కాదు. ఈ సంగతి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

కానీ ఈ అండకు హద్దుంది. 2005 సవరణతో నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లు చట్టం బయటకు పోయాయి. వాటికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకుంటే 15 రోజుల నోటీసు, ఆపైన సివిల్ దావా. నగరంలో ఇప్పుడు ఆ అంకెలోపు ఇల్లు ఎక్కడ దొరుకుతది?

అసలు లోపం ఇంకా లోతుగా ఉంది. కిరాయి చట్టం ఇంట్లోకి చేరినవాణ్ణి కాపాడుతుంది. గడప దగ్గరే ఆపినవాణ్ణి పట్టించుకోదు. "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు జవాబు విన్నాక టు-లెట్ బోర్డు ఉండగానే ఇల్లు "అయిపోయింది" అంటారు. చేరినాక తెలిస్తే "మా అబ్బాయి పెళ్లి, ఇల్లు కావాలె" అంటారు. కులం అక్కడ సొంత అవసరం వేషం వేసుకుంటుంది.

1917లో బరోడాలో అంబేద్కర్‌కు ఇదే జరిగింది. పార్సీ సత్రంలో దిగిన ఆయన కులం తెలిసి కర్రలు పట్టుకుని వచ్చారు, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. వారం గడువడిగితే ఒప్పుకోలేదు. అమెరికా చదువు, సంస్థానం ఉద్యోగం ఆయనకు ఒక గది ఇప్పించలేకపోయాయి. ఆ నోటీసు నోటిమాటగానే వచ్చింది. ఆయనే రాసిపెట్టకపోతే మనకు తెలిసేది కాదు.

చట్టం లేదని కాదు. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. దాని 4వ సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా నివాసాన్ని అడ్డుకోవడం నేరం. అయితే రుజువేది? నోటిమాటకు కాగితం ఉండదు, కాగితం మీద కులం ఉండదు.

అందుకే ఈ చరిత్రను కోర్టు ఫైళ్లలోనే వెతికితే దొరకదు. మన బస్తీల్లో, హాస్టళ్లలో వెతకాలి. ఎన్ని ఇళ్లు మారినరు, ఏం చెప్పి ఖాళీ చేయించినరు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరు దిగినరు? తేదీలతో రాసిపెట్టాలి. కిరాయి రసీదు, మనియార్డరు చిట్టీ పారేయొద్దు. అవి రేపటి చరిత్రకు ఆధారాలు, ఇవాళ్టి కొట్లాటకు సాక్ష్యాలు.