సర్కారు నేర్పిన కాఫీ

బెంగళూరు వాళ్లు కాఫీతోనే పుట్టారన్నట్టు మాట్లాడతారు. ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుని రిటైరై బసవనగుడిలో స్థిరపడ్డ అనంతపురం వాణ్ణి నేను. నాకు మాత్రం ఇది నేర్పిన అలవాటులాగే కనిపిస్తుంది.

బాబా బుడన్ మోఖా నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని 17వ శతాబ్దపు ఐతిహ్యం. తర్వాత దొరలు తోటలు వేశారు, పంట ఓడలెక్కింది. ఇక్కడా తాగేవాళ్లు లేకపోలేదు. 1924లో పెట్టిన బ్రాహ్మిన్ కాఫీ క్లబ్బే తర్వాత ఎంటీఆర్ అయింది. కానీ 1930ల మాంద్యంలో ధరలు పడిపోయి సరుకు మిగిలిపోయేసరికి వ్యాపారానికి మనవాళ్ల నోళ్లు గుర్తొచ్చాయి. కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయిలో కాఫీ హౌస్ తెరిచింది. ఆ పని అందుకున్న కాఫీ బోర్డుకి బెంగళూరే కేంద్రం. ఓ మందును జనానికి అలవాటు చేయడానికి సర్కారే పూనుకోవడం అరుదు!

1950ల్లో బోర్డు ఆ హౌస్‌లను వదిలించుకోబోతే, ఉద్యోగాలు పోతున్న కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో 1957లో ఇదే ఊళ్లో సహకార సంఘం పెట్టుకున్నారు. ఎం.జి. రోడ్డు కాఫీ హౌస్ 2009లో చర్చ్ స్ట్రీట్‌కి మారింది. తలపాగా సర్వర్లూ వెంట వెళ్లారు.

ప్రచారం మొదటి కప్పు వరకే. ఆ తర్వాతి పని మెదడుది. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ పేరుకుని నిద్ర తెప్పిస్తుంది. అది కూర్చోవలసిన రిసెప్టర్లలో కెఫీన్ కూర్చుంటుంది, కానీ ఆ పని చేయదు. అలసట తీరదు, తెలియకుండా పోతుందంతే. అలవాటు లేనివాళ్లకి రక్తపోటు కాస్త పెరుగుతుంది. రోజూ తాగేవాళ్లు ఓ పూట మానేస్తే మెదడు రక్తనాళాలు వెడల్పై తలనొప్పి పట్టుకుంటుంది. ఏకాదశి ఉపవాసాల్లో కూడా కాఫీకి మినహాయింపు ఇచ్చుకున్న ఇళ్లు నాకు తెలుసు.

అయితే ఈ ఊరు మోతాదుకి తనదైన కొలత కనిపెట్టుకుంది: వన్ బై టూ. సర్వర్ కంటితోనే కొలిచి, ఒక కాఫీని ధారకట్టి రెండు గ్లాసుల్లోకి సమంగా దించుతాడు. పైగా పొడిలో చికోరీ ఉంటే, దానిలో కెఫీనే ఉండదు. పొదుపు కోసం పుట్టినవే అయినా నాలాంటివాడికి రెండూ కలిసొచ్చాయి. సాయంత్రం అయిదింటికి తాగిన కెఫీన్‌లో ఇంచుమించు సగం రాత్రి పదింటికీ ఒంట్లోనే తిరుగుతుంటుంది. అందుకే గాంధీబజార్ వెళ్తే వన్ బై టూ చెబుతాను. రెండో సగం మా ఆవిడది. ఆవిడ అది తాగేసి, ఇంటికొచ్చి ఇంకో నిండు గ్లాసు కలుపుకుని, తొమ్మిదింటికల్లా గుర్రుపెడుతుంది.