గృహ శ్రవణ వ్యవస్థలకు స్వయంనిర్మిత పవర్ కండిషనర్: ఒక చారిత్రక పరిశీలన

విద్యుత్తు చరిత్ర అనగానే జలాశయాలు, థర్మల్ కేంద్రాలు, పొలాల మీదుగా సాగే హైటెన్షన్ తీగలు గుర్తుకు వస్తాయి. గోడ సాకెట్టుకూ పాట వినిపించే పెట్టెకూ మధ్యనున్న రెండు గజాల దూరానికి ఆ చరిత్రలో చోటు తక్కువ. సంగీతప్రియులు, రేడియో ఔత్సాహికులు సుమారు వందేళ్లుగా సొంత చేతులతో ప్రయోగాలు చేసినది మాత్రం ఆ రెండు గజాలలోనే. సాకెట్టు నుంచి వచ్చే విద్యుత్తును ఆంప్లిఫయరుకు చేరకముందే సవరించే పెట్టెను పవర్ కండిషనర్ అంటున్నారు. పేరు ఒకటే అయినా అది నయం చేయవలసిన జబ్బులు మూడు: వోల్టేజి హెచ్చుతగ్గులు, తీగ వెంట వచ్చే అధిక పౌనఃపున్యపు రొద, పరికరాల లోహపు చట్రాల మధ్య తిరిగే లీకేజి కరెంటు. ఒక జబ్బుకు పుట్టిన మందును మరొక జబ్బుకు వాడడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది. ఇంట్లో కట్టిన పెట్టెల్లో కొన్ని చక్కగా పనిచేయడానికీ, కొన్ని వృథా కావడానికీ, కొన్ని ప్రమాదకరం కావడానికీ మూలం అక్కడే ఉంది.

బ్యాటరీల నుంచి విముక్తి

1920ల తొలినాళ్లలో అమెరికా ఇళ్లలోని రేడియోలకు గోడ విద్యుత్తుతో సంబంధం లేదు. వాల్వు ఫిలమెంటును వేడిచేయడానికి ఒక బ్యాటరీ, ప్లేటుకు హెచ్చు వోల్టేజి ఇవ్వడానికి మరొకటి, గ్రిడ్డుకు ఇంకొకటి కావలసి వచ్చేవి. ఫిలమెంటుకు వాడే లెడ్-యాసిడ్ బ్యాటరీని తరచు చార్జి చేయాలి. దాని ఆమ్లం చిందితే తివాచీ పాడయ్యేది. ఈ బాధలోంచి వచ్చినదే బ్యాటరీ ఎలిమినేటరు. ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు, ఇనుప కోరు మీద తీగ చుట్టిన చోకు, కెపాసిటర్లు: ఇంతే దాని సామగ్రి. 1925లో రేథియాన్ సంస్థ వాయువు నింపిన రెక్టిఫయరు వాల్వును విపణిలోకి తెచ్చాక దీన్ని కట్టుకోవడం ఔత్సాహికులకు సులువైంది. అదే సంవత్సరం టొరంటోలో ఎడ్వర్డ్ రోజర్స్ బ్యాటరీలు అక్కరలేని రేడియోను అమ్మకానికి తెచ్చాడు. 1927లో ఏసీతోనే వేడెక్కే ఆర్‌సీఏ వాల్వులు వచ్చాయి. దానితో ఎలిమినేటరు రేడియో కడుపులోకి చేరిపోయింది. బ్యాటరీలు, ఎలిమినేటర్లు అమ్ముతూ వచ్చిన ఫిల్కో సంస్థ 1928లో రేడియోల తయారీకి మళ్లింది.

ఎలిమినేటరుతో పాటు ఇంట్లోకి వచ్చిన కొత్త అతిథి గుయ్యిమనే మోత. బ్యాటరీ నిశ్శబ్దంగా ఉండేది. గోడ విద్యుత్తు ఉండదు. చోకును, కెపాసిటరును జతచేసి ఆ మోతను అణచడం ఆనాటి ఔత్సాహికులు నేర్చిన మొదటి విద్య. నేటి కండిషనర్లలో అదే జత, పరిమాణం తగ్గించుకొని, మెగాహెర్ట్జ్ స్థాయి రొదను అడ్డుకోవడానికి కొనసాగుతున్నది.

వోల్టేజిని నిలబెట్టే యత్నం

1938లో షికాగోకు చెందిన జోసెఫ్ సోలా రూపొందించిన స్థిర వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు రెండో ఘట్టం. ఇనుప కోరును అయస్కాంత సంతృప్త స్థితికి తెచ్చి, ఒక చుట్టకు కెపాసిటరును కలిపి అనునాదం కల్పించడం దీని కీలకం. లోపలికి వచ్చే వోల్టేజి 15 శాతం అటూ ఇటూ ఊగినా బయటికి వెళ్లేది ఒకటి రెండు శాతానికి మించి కదలదు. కదిలే భాగాలు లేవు, రిలేలు లేవు. పరిశ్రమలకు, ప్రయోగశాలలకు, తరువాత కంప్యూటర్ గదులకు ఇది వరమైంది. సంగీతానికి మాత్రం సగం వరమే. కోరు నిరంతరం మోగుతుంది, వేడెక్కుతుంది. మొదటి తరం పరికరాల్లో తరంగ శిఖరాలు చదునుగా తయారయ్యేవి. ఆంప్లిఫయరు లోపలి కెపాసిటర్లు చార్జి అయ్యేది ఆ శిఖరాల వద్దనే. 230 వోల్టుల శుద్ధ సైన్ తరంగానికి శిఖరం దాదాపు 325 వోల్టులు. మీటరు ముల్లు 230 దగ్గరే నిలిచినా శిఖరం కుంగితే ఆంప్లిఫయరుకు అందవలసిన డీసీ అందదు.

తెలుగు నేలతో ఈ కథ ముడిపడేది ఇక్కడే. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలోని 54వ నియమం గృహాలకు ఇచ్చే వోల్టేజి 6 శాతానికి మించి మారరాదన్నది; 55వ నియమం పౌనఃపున్యానికి 3 శాతం హద్దు పెట్టింది. పొడవైన లోటెన్షన్ లైన్ల మీద వ్యవసాయ మోటార్లు ఆధారపడిన పల్లెల్లో ఈ హద్దులు కాగితానికే పరిమితమైన సాయంత్రాలు ఎన్నో. బల్బు ఎర్రని తీగలా మిణుకుమనే ఇంట్లో అధిక పౌనఃపున్యపు రొద గురించి చింతించే తీరిక ఎవరికి ఉంటుంది? అందుచేత ఇక్కడ టీవీ పక్కన చేరినది స్టెబిలైజరు. ముల్లు మీటరు చూస్తూ చేత్తో తిప్పే రోటరీ స్విచ్చుతో కొన్ని, రిలే టక్కుమని మారేవి కొన్ని. ఇవన్నీ మూలతః ఆటోట్రాన్స్‌ఫార్మర్లు. స్థానిక మెకానిక్కులు కోరు కొని, తీగ చుట్టి, రేకు డబ్బాలో బిగించి ఇవ్వగలిగినవి. కొచ్చిలో 1977లో స్థాపితమైన వీ-గార్డ్ వంటి సంస్థలు ఎదిగినది ఈ అవసరం మీదనే. అయితే ఆటోట్రాన్స్‌ఫార్మరులో లోపలి చుట్టకూ బయటి చుట్టకూ మధ్య విద్యుత్ వియోగం ఉండదు. అది పరిమాణాన్ని సరిచేస్తుంది, రొదను యథాతథంగా దాటనిస్తుంది. రిలే మారినప్పుడల్లా స్పీకరులో ఒక చిటుకు అదనం.

సోలా తరహా పరికరానికి ఇక్కడ మరో చిక్కు ఎదురైంది. దాని అనునాదం పౌనఃపున్యం మీద ఆధారపడుతుంది. పౌనఃపున్యం 1 శాతం తగ్గితే బయటి వోల్టేజి దాదాపు 1.5 శాతం తగ్గుతుంది. 50 హెర్ట్జ్ ఉండవలసిన గ్రిడ్డు 48.5కు పడిపోతే, స్థిరంగా ఉండవలసిన 230 వోల్టులు సుమారు 220 అవుతాయి. దక్షిణ గ్రిడ్డులో లభ్యత ఆధారిత టారిఫ్ 2003 జనవరిలో అమలుకు వచ్చి పౌనఃపున్యాన్ని గాడిన పెట్టింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా ఆ గ్రిడ్డు మిగతా దేశంతో ఏకమైంది. ఇంట్లోని ఏ పెట్టే చేయలేని శుద్ధిని ఈ రెండు మార్పులు చేశాయి.

ఎర్తు ప్రశ్న

అమెరికాలో 1990లలో చర్చ వేరే దారి పట్టింది. అక్కడ వోల్టేజి స్థిరమే, బాధ మోతతోనే. ఆసుపత్రుల్లో, కంప్యూటర్ గదుల్లో వాడి పక్కన పెట్టిన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు ఔత్సాహికుల బల్లల మీదికి చేరాయి. మార్టిన్ గ్లాస్‌బాండ్ ప్రచారంలోకి తెచ్చిన సమతుల్య విద్యుత్ పద్ధతిలో 120 వోల్టులను రెండు 60లుగా చీల్చి, మధ్య బిందువును ఎర్తుకు కలుపుతారు. రెండు వైపుల లీకేజి కరెంట్లు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయన్నది ఆశ. 1996లో అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి దీన్ని గుర్తించింది. కాని నివాస గృహాలకు కాదు, అర్హులైన సిబ్బంది పర్యవేక్షణ ఉండే వాణిజ్య, పారిశ్రామిక స్థలాలకు. ఇంట్లో కట్టుకునేవారు ఈ షరతును చదవకుండా పథకాన్ని మాత్రమే స్వీకరించారు.

1995లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో నీల్ మన్సీ ప్రచురించిన వ్యాసం దృష్టిని మరోవైపు తిప్పింది. రొద ఎక్కువగా ప్రవేశించేది పవర్ తీగ గుండా కాదు, పరికరాలను కలిపే సిగ్నల్ కేబుల్ కవచాన్ని లోపలి సర్క్యూట్‌కు తప్పుగా కలిపిన చోట అని ఆ వాదన సారం. 2005 నాటి ఏఈఎస్48 ప్రమాణానికి ఇదే పునాది. ఇళ్లలో వాడే ఆర్‌సీఏ కేబుళ్లలో కవచమే సిగ్నల్‌కు తిరుగుదారి కూడా. 0.1 మిల్లీ ఆంపియరు లీకేజి కరెంటు 1 ఓము నిరోధమున్న కవచం గుండా ప్రవహిస్తే 0.1 మిల్లీవోల్టు మోత సిగ్నల్‌తో కలుస్తుంది. దళసరి కవచమున్న కేబుల్‌తో ఆ నిరోధాన్ని సగం చేస్తే మోత కూడా సగమవుతుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మరుతో పనిలేదు. స్వయంనిర్మిత పెట్టెలు నిజంగా మేలు చేసిన అనేక సందర్భాల్లో పనిచేసినది లోపలి ఫిల్టరు కాదనీ, అన్ని పరికరాల ఎర్తులూ ఒకే బిందువుకు చేరడమేననీ అనుమానించడానికి ఇది బలమైన ఆధారం.

ఆ బిందువు లేకపోతే పెట్టె ఏమవుతుందన్నది గంభీరమైన ప్రశ్న. ఫిల్టరులో ఫేజు నుంచి ఎర్తుకు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్తుకు ఒకటి చొప్పున వై తరగతి కెపాసిటర్లు ఉంటాయి. గోడ సాకెట్టులో మూడో రంధ్రం ఉండి దాని వెనుక తీగ లేకపోతే, ఆ రెండు కెపాసిటర్ల నడుమ లోహపు డబ్బా దాదాపు 115 వోల్టుల వద్ద తేలుతుంది. తడిచేత్తో తాకితే జివ్వుమంటుంది. వై తరగతికి బదులు మామూలు కెపాసిటరు వాడి, అది షార్టయితే ఆ జివ్వుమనడం అక్కడితో ఆగదు. మోత వదిలించుకోవడానికి ఎర్తు పిన్నును కావాలని విడదీసే అలవాటు అమెరికాలోనూ ఉంది, ఇక్కడా ఉంది. యార్డ్‌బర్డ్స్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్ 1976 మే నెలలో లండన్‌లోని తన ఇంట్లోనే, సరైన ఎర్తింగ్ లేని ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ విద్యుదాఘాతంతో మరణించాడు.

అందువల్ల మన ఇళ్లలో ఈ పెట్టె కట్టే క్రమం డబ్బా వద్ద కాక పెరటిలో మొదలు కావాలి: బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పాతిన ఎర్తింగ్ గొయ్యి, అక్కడి నుంచి సాకెట్టు దాకా తెగని తీగ, న్యూట్రల్‌ను ఎర్తుగా వాడలేదన్న నిర్ధారణ. వేసవిలో నేల ఎండి నిరోధం పెరుగుతుంది కనుక ఆ గొయ్యిలో నీళ్లు పోయవలసి ఉంటుంది.