లైనక్సా, గ్నూ/లైనక్సా?

"ఫోన్లో ఉన్నదీ లైనక్సే కదన్నా, స్వేచ్ఛ వాళ్లు ముందు గ్నూ ఎందుకు తగిలిస్తారు?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రకటించాడు. కంపైలర్, షెల్, ఎడిటర్ వచ్చేశాయి. ప్రోగ్రాములకు మెమరీ, ప్రాసెసర్ పంచిపెట్టే కెర్నెల్ ఒక్కటే కుదరలేదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అది రాశాడు. పేరు మాత్రం మొత్తానికీ దానిదే పడింది! స్టాల్‌మన్ గొడవంతా అదే. డెబియన్ వాళ్లు గ్నూ/లైనక్స్ అనే పెట్టుకున్నారు. స్వేచ్ఛ వారి తెలుగు వ్యవస్థ ఆ డెబియన్ మీద కట్టిందే.

ఆండ్రాయిడ్‌లో కెర్నెల్ లైనక్సే, గ్నూ దాదాపు లేదు. అందుకే డెబియన్ ప్రోగ్రాము తమ్ముడి ఫోన్లో నేరుగా నడవదు. కెర్నెలే ఆపరేటింగ్ సిస్టమైతే నడవాలి కదా? నా మొగ్గు స్టాల్‌మన్ వైపే, నోటికి మాత్రం లైనక్స్ అనే వస్తుంది.