మాటలేని మహానటుడు



చలనచిత్ర తారలను గూర్చి ముచ్చటించుకొనువారు మొదట రూపమునే పొగడుదురు. అమెరికాలోని హాలీవుడ్‌లో ప్రసిద్ధికెక్కిన చార్లీ చాప్లిన్ విషయమున ఆ మాట చెల్లదని నా యభిప్రాయము. బిగుతు కోటు, వదులు లాగు, పెద్ద బూట్లు, చేత బెత్తము. 1914లో ఈ దేశదిమ్మరి వేషముతో నాతడు తెరపై కనబడెను. దుస్తులు దరిద్రునివి; నడవడి మర్యాదస్థునిది. హాస్యమునకును, కరుణకును ఆ వైరుధ్యమే మూలము.

ఆ పేదరికము నాతడు స్వయముగా నెరుగును. 1889లో జన్మించి, బాల్యమున కొంతకాలము లండను నగరపు పేదల శరణాలయమున గడపినవాడు. 1921 నాటి ‘ది కిడ్’ చిత్రమున, పెంచుకొన్న బిడ్డను అధికారులు లాగుకొనిపోవు ఘట్టము మనస్సును కలచివేయుటకు కారణ మిదియే యని నాకు తోచును.

1927లో ‘ది జాజ్ సింగర్’ చిత్రముతో తెరకు మాట వచ్చెను. పెక్కుమంది మూకచిత్ర తారల ప్రభ మాసెను. తన దేశదిమ్మరి నోరు విప్పినచో ఒక్క భాషవారికే చెందునని శంకించి, చాప్లిన్ 1931లో ‘సిటీ లైట్స్’ చిత్రమును సంగీతముతోడనే, సంభాషణలు లేకుండ విడుదల చేసెను. అందు చూపు వచ్చిన పూలమ్ము పడుచు, తనకు మేలు చేసిన నిరుపేదను చేతి స్పర్శచే గుర్తించును. దీని నర్థము చేసికొనుటకు నిఘంటు వేల?

1952లో అమెరికా ప్రభుత్వము ఆతని పునఃప్రవేశానుమతిని రద్దుచేసెను. 1972లో ఆ దేశమువారే ఆహ్వానించి, గౌరవ ఆస్కారు బహుమతి నొసగి, లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. 1977లో నాతడు కన్నుమూసెను.

భరతముని చెప్పిన చతుర్విధాభినయములలో వాచికమును విడిచి, తక్కిన మూటితోనే లోకమును మెప్పించిన నటుడని యాతనిని నేను తలంతును.