గిర్ సింహముల అభివృద్ధి: రెండు కథనముల తారతమ్యము

ఒకే విషయమును గూర్చిన రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన తెఱచి చదువుకొను సదుపాయము గ్రంథాలయమునందే సులభముగా లభించును. ఇంట నొక్క పుస్తకమే యున్నవాడు అందలి మాటయే పరమప్రమాణమని నమ్మును. రెండవది చేతికి వచ్చినప్పుడుగాని మొదటిదానిలో విడిచిపెట్టిన దేమియో తెలియదు. సౌరాష్ట్రమందలి గిర్ అడవి సింహముల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము.

ఒకప్పుడు ఉత్తర హిందూదేశమున విస్తారముగా సంచరించిన ఈ మృగము 19వ శతాబ్ది ముగియునాటికి జునాగఢ్ సంస్థానములోని గిర్ అడవియందును దాని పరిసరములందును మాత్రమే మిగిలెను. 2025వ సంవత్సరపు లెక్కలో గుజరాతున సింహముల సంఖ్య 891. ఈ వృద్ధికి కారణమేమి యనగా రెండు కథనములు ప్రచారమున నున్నవి.

మొదటిది నవాబుల కథనము. 1899-1900 సంవత్సరముల ఘోరమైన కరవులో అడవి యెండి, మృగములు నశించి, సింహములు పశువులపై బడెను. 1900లో వైస్రాయి కర్జను ప్రభువు జునాగఢ్ వచ్చినప్పుడు, సింహములు మిక్కిలి తగ్గిన సంగతి తెలిసికొని, తలపెట్టిన వేట మానుకొని, వాటిని కాపాడవలసినదిగా నవాబు రసూల్‌ఖాన్‌జీకి చెప్పెనందురు. అప్పటికి మిగిలినవి ఒక డజను మాత్రమేనని ప్రతీతి. 1913లో ఇరువదియని మఱియొక లెక్క. తరువాత 1920 నుండి 1947 వఱకు ఏలిన మహబత్‌ఖాన్‌జీ వేటను గట్టిగా అదుపులో నుంచెను. 1936 గణనలో 287 సింహములు తేలినవి. తుపాకి ఆగినది, సింహము బ్రదికినది అని ఈ కథనపు సారము.

రెండవది అడవి కథనము. 1965లో గిర్ అభయారణ్యమైనది. 1972లో ఆరంభమైన పథకము ననుసరించి, అడవిలో గేదెలను మేపుకొని జీవించు మాల్‌ధారుల కుటుంబములను అనేకముగా వెలుపలికి తరలించిరి. మాలు అనగా ఆ దేశమున పశుసంపద. దానిని గలవారు మాల్‌ధారులు. 1975లో అడవి నడిమిభాగము జాతీయోద్యానమయ్యెను. పశువుల మేత తగ్గగా పచ్చిక పెరిగెను. పచ్చిక పెరుగగా దుప్పులు, కణుజులు పెరిగెను. 1960ల చివర గిర్‌లో పరిశోధన చేసిన పాల్ జోస్లిన్ సింహముల ఆహారములో సుమారు మూడు వంతులు పెంపుడు పశువులేయని కనుగొనెను. 1980లలో రవి చెల్లం పరిశోధించునాటికి అడవి మృగములదే పైచేయి. 1974లో 180గా నున్న సింహములు 1990లో 284, 2001లో 327 అయ్యెను. మేత నిలిచినది, అడవి తేరుకొన్నది అని ఈ కథనపు సారము.

ఈ రెండింటిని లెక్క తెలిసినవాని చూపుతో పరిశీలింపవలెను. ఏ ఖాతాకైనను తొలినిల్వ ముఖ్యము. 1913లో ఇరువది యున్నవి 1936లో 287 అయినవన్నచో, ఇరువదిమూడేండ్లలో పదునాలుగు రెట్లకు పైగా పెరిగినట్లు. కాపలావాండ్రు, పశువైద్యులు, సమృద్ధిగా దుప్పులు గల ఇటీవలి కాలమున, 2015లో 523 యున్నవి పదేండ్లకు 891 అయినవి; అనగా నూటికి డెబ్బది వృద్ధి. ఈ వేగముననే ఇరువదిమూడేండ్లు నడచినను మూడున్నర రెట్లు మించదు. కావున తొలినిల్వయే తగ్గించి వ్రాయబడినదని యనుమానింపక తప్పదు. వేటకై వచ్చు పెద్దలను మర్యాదగా త్రిప్పి పంపుటకు సంఖ్యను కావలెననియే తగ్గించి చెప్పియుందురని కొందఱు చరిత్రకారుల యభిప్రాయము. రెమిషను కొఱకు పంటను తగ్గించి చెప్పు అలవాటెఱిగిన మన పల్లెలవారికి ఇందులో వింత యేమియు తోపదు. ఈ సింహములలో జన్యువైవిధ్యము మిక్కిలి తక్కువయని శాస్త్రజ్ఞులు తేల్చిన మాట నిజమే. దానివలన అవి యొకనాడు బహుకొద్దిగా నుండెనని తెలియును. అది 1900 ప్రాంతమే యనుటకు మాత్రము చాలదు.

మొదటి కథనమునకు మఱియొక చిక్కు గలదు. 1963లో 285గా లెక్కకు వచ్చినవి 1968లో 177 అయ్యెను. లెక్కించు పద్ధతి మారినది గనుక తగ్గుదల యంతయు నిజమని పట్టుకొనరాదు. అయినను అప్పటి గిర్ చిక్కిపోయిన అడవి; పశువును పోగొట్టుకొన్న కోపమున కళేబరమున విషము పెట్టుటయు జరిగినది. తుపాకి ఒక్కటే శత్రువైనచో ఈ భయమేల? ఉద్యోగపర్వమున పాండవులను పులులతోను, కౌరవులను అడవితోను పోల్చిన ఘట్టము భారతము చదివినవారెఱిగినదే. నవాబు పులిని చూచెను, అడవిని మఱచెను.

అట్లని రెండవ కథనము నిర్దోషమా? జోస్లిన్ లెక్కనే తిరుగవేసి చూడుడు. సింహమునకు ఆహారములో మూడు వంతులు మాల్‌ధారుల పశువులే యైనచో, దుప్పులు లేని ఆ కాలమున దానిని పోషించిన దెవరు? అదే గేదెలు! పచ్చికను తిన్నవని వాటిపై ఖర్చు వ్రాసినవారు, సింహపు నోటికి అందించిన దానిని జమ వ్రాయలేదు. వెలుపలికి పోయినవారికి సాగుకు భూమి యిచ్చిరి. నాగలి పట్టి యెఱుగని పశుపాలకులలో కొందఱు దానిని నిలుపుకొనలేక కష్టములపాలైరి. ఈ నష్టము సింహముల అభివృద్ధి పట్టికలలో కానరాదు.

ఏ కారణమును నమ్మిన దాని ననుసరించియే ప్రభుత్వము నడచును గనుక, ఇది వట్టి వాదము కాదు. అడవిలో మిగిలిన మాల్‌ధారులుండవలెనా, పోవలెనా యన్నది దీనిపై నాధారపడియున్నది. కొన్ని సింహములను మధ్యప్రదేశములోని కూనో అడవికి పంపుమని 2013లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. గిర్‌లో 2018లో వ్యాధి వచ్చి కొలది వారములలో ఇరువదికి పైగా చనిపోయినను అవి కదలలేదు. 2022లో కూనోకు వచ్చినవి ఆఫ్రికా చీతాలు.

ఇంతలో సింహములే కథను మార్చినవి. 2025 నాటికి సగమునకు పైగా గిర్ అభయారణ్యము వెలుపల, పొలములలో, తోటలలో, ఊళ్ల పొలిమేరలలో నున్నవి. అక్కడ నవాబు ఆజ్ఞ లేదు, పశువులను తరలించిన అడవియు లేదు. రాత్రివేళ గట్టులేని దిగుడుబావులలో సింహములు పడి చచ్చుచుండగా, వాటి చుట్టును పిట్టగోడలు కట్టించుచు వచ్చిరి. పశువు పోయినను కఱ్ఱ యెత్తక, పరిహారమునకై అర్జీ పెట్టుకొను ఆ రైతుల పద్దు రెండు కథనములలో దేనియందును ఇంకను ఎక్కలేదు.