విన్నపము: కొలువు నుండి కోవెలకు

ప్రార్థనార్థంలో తెలుగు కవులు వాడిన పాత మాటలలో ‘విన్నపము’ ఒకటి. వేడుకోలు, మొక్కు, మనవి అనే మాటల సరసన దీనిని పర్యాయపదంగా చేర్చడం వాడుక. అయితే దీని పుట్టుక వేరు. ఇది సంస్కృత ‘విజ్ఞాపన’కు సంబంధించి ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవం. యజ్ఞము జన్నమైనట్లు, విజ్ఞానము విన్నాణమైనట్లు ఇక్కడా ‘జ్ఞ’కారం ‘న్న’ అయింది. ధాత్వర్థాన్ని బట్టి చూస్తే విన్నపమంటే అడగడం కాదు, తెలియజేయడం. వేడుకోలులో కోరిక ముందుంటుంది. విన్నపంలోనూ కోరిక ఉండవచ్చు గాని, నిర్ణయం వినేవానిదే.

ఈ మాటకు తొలి నెలవు రాజసభ. తామ్రశాసనాలలో దానం కోసం రాజుకు చేసే నివేదన విజ్ఞప్తి. దానాన్ని అమలు జరిపే అధికారి ఆజ్ఞప్తి. తూర్పు చాళుక్య శాసనాల చివర ఈ ఆజ్ఞప్తి పేరు తరచు కనిపిస్తుంది. ఆజ్ఞ తెలుగులో ‘ఆన’ అయింది. ఆన పైనుండి దిగేది, విన్నపం కిందినుండి వెళ్లేది. (నేటి రైల్వే స్టేషన్లలో ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని వినిపించేది నిజానికి ఆనే.)

దేవుని రాజుగా భావించిన దక్షిణదేశంలో ఈ మాట గుడిలోకి రావడం సహజం. తమిళంలో ‘కోయిల్’ రాజగృహానికీ ఆలయానికీ ఒకటే పేరు. మన ‘కోవెల’ అదే. నమ్మాళ్వారు తిరువిరుత్తం మొదటి పాశురంలోనే తన మాటను ‘విణ్ణప్పం’ అన్నాడు. ఆ వైష్ణవ సంప్రదాయంలో నిలిచిన తాళ్లపాక అన్నమాచార్యుని (1408-1503) ప్రసిద్ధమైన మేలుకొలుపు పాటలో విన్నపాలు స్వామి శయ్యామందిరం బయట వేచి ఉంటాయి. శేషుని దోమతెర తొలగితే గాని వినికిడి లేదు. సర్వజ్ఞునికి తెలియజేయడమేమిటనే ప్రశ్న తర్కానికి తోచవచ్చు. కొలువు మర్యాదలో దానికి చోటు లేదు. ప్రభువుకు తెలిసినదైనా సేవకుడు విన్నవించవలసిందే. ఆ విన్నవించే చనువే కవి కోరుకున్నది. ఈ పాటను ‘ప్రార్థన’ అని వ్యాఖ్యానించి వదిలేస్తే ఆ చనువు మరుగున పడుతుంది.

గోలకొండ ప్రభుత్వంలో ఉద్యోగం చేసిన కంచెర్ల గోపన్నకు కొలువు పద్ధతి మరింత బాగా తెలుసు. రామదాసుగా అతడు తన మొరను రామునికి చెప్పమని సీతమ్మనే ఆశ్రయించాడు. శ్రీవైష్ణవులు దీనిని పురుషకారమన్నారు.

తెలుగు బైబిలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో విజ్ఞాపనలను, ప్రార్థనలను, యాచనలను వేర్వేరుగా పేర్కొంది. తెలుగు క్రైస్తవుల వాడుకలో ఇతరుల కోసం చేసేది ‘విజ్ఞాపన ప్రార్థన’. తద్భవాన్ని వదలి తత్సమాన్ని గ్రహించినా, ఒకరి తరఫున మరొకరు ప్రభువు ఎదుట నిలిచే ఆ పాత అమరిక అందులో చెక్కుచెదరలేదు.