నేత నుంచి కణజాలం దాకా: జంతు కణజాల భావన - చారిత్రక పరిశీలన
(ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యంలో)

వ్యాససంగ్రహం: శరీరనిర్మాణ శాస్త్రంలో 'టిష్యూ' అనే మాట మగ్గం నుంచి వచ్చింది. తెలుగులో దానికి సమానార్థకంగా స్థిరపడిన 'కణజాలం'లో నేత కనిపించదు. ఈ భేదం వెనుక ఉన్న చరిత్రను, ఆ రెండు మాటలలో ఏది ఏ కణజాలానికి సరిపోతుందన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కణజాలం, ఉపకళ, సంయోజక కణజాలం, బిషా, పడుగుపేక, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల పేరు చెప్పగానే పత్తి, మగ్గం గుర్తుకు వస్తాయి. 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న ఆదోనిలో, 20వ శతాబ్దం తొలినాళ్లకే తివాచీలు, పట్టు, నూలు వస్త్రాలు తయారయ్యేవి. పత్తి నుంచి గింజ తీసే, బేళ్లు కట్టే కర్మాగారాలూ ఉండేవి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు.

ఈ ప్రాంతపు విద్యార్థి తొమ్మిదో తరగతిలో జంతు కణజాలాల గురించి చదువుతాడు. ఇంట్లో మగ్గం ఉన్నా, ఆ పాఠానికీ మగ్గానికీ ఉన్న చుట్టరికం అతనికి తెలిసే అవకాశం తక్కువ. ఆదోనిలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కూడా వినిపిస్తాయి. కన్నడ పాఠ్యపుస్తకం ఇదే విషయాన్ని 'అంగాంశ' అంటుంది, అంటే అవయవంలో భాగం. ఉర్దూ పుస్తకాలలో కనిపించే 'బాఫ్త్', 'నసీజ్' రెండింటికీ నేసినది అనే అర్థం. హిందీ 'ఊతక' కూడా సంస్కృతంలో నేతను తెలిపే 'ఊత' శబ్దానికి చెందినదే. మనం అలవాటుగా వాడే 'ఓతప్రోతం'లో ఉన్నదీ ఆ ధాతువే. వీటి మధ్య తెలుగు పదం మాత్రం వేరే దారి పట్టింది.

2. మగ్గం నుంచి వచ్చిన మాట

ఫ్రెంచి భాషలో 'తిస్యు' అంటే నేసిన గుడ్డ. చీరల అంగళ్లలో మనం వినే 'టిష్యూ చీర' ఆ పాత అర్థాన్ని ఇప్పటికీ నిలుపుకొన్నది. శరీరానికి ఈ మాటను వాడినవారిలో మొదటివాడు బిషా కాదు. 1767లోనే థియోఫిల్ ద బోర్ద్యూ 'శ్లేష్మ తిస్యు' పేరిట ఒక గ్రంథం ప్రచురించాడు. లాటినులో రాసిన హాలర్ 'టేలా' అన్నాడు. అదీ మగ్గం మీది గుడ్డే. అయితే ఆ మాటను ఒక సిద్ధాంతంగా మలచిన ఘనత మరీ ఫ్రాన్స్వా జేవియర్ బిషా (1771-1802)దే. పట్టునేతకు పేరుపొందిన లియోన్ నగరంలో అతడు వైద్యం చదివాడు. ఇది ముచ్చటైన యాదృచ్ఛికం. దీనికి అంతకు మించిన బరువు ఇవ్వడం తగదు.

బిషా సూక్ష్మదర్శినిని నమ్మలేదు. శవాలను కోసి, వాటి భాగాలను ఉడికించి, ఎండబెట్టి, కుళ్లనిచ్చి, ఆమ్లాలలో వేసి, ఏ పదార్థం ఎలా మారుతుందో చూశాడు. ఆ పరిశీలనల ఫలితంగా 1801లో వెలువడిన 'సామాన్య శరీరనిర్మాణ శాస్త్రం'లో 21 రకాల కణజాలాలను పేర్కొన్నాడు. మరుసటి ఏడాదే, ముప్పై ఏళ్ల వయసులో మరణించాడు. ఆ జాబితాను నేటి పాఠంతో పోల్చి చూస్తే ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి. అందులో వెంట్రుకలకు చోటు ఉంది, రక్తానికి లేదు. కండరాలను అతడు 'జంతుజీవనానికి' చెందినవి, 'అంగజీవనానికి' చెందినవి అని రెండుగా విడదీశాడు. నేడు మనం నియంత్రిత, అనియంత్రిత కండరాలని చదువుకునే విభజనకు ఇది చాలా దగ్గరగా ఉంది.

బిషా చెప్పినదానిలో అసలు విప్లవం వర్గీకరణలో లేదు. వ్యాధి మొత్తం అవయవాన్ని పట్టదని, అందులోని ఫలానా కణజాలాన్ని పడుతుందని అతడు వాదించాడు. ఒకే గుండెలో పై పొరకు ఒక జబ్బు, కండరానికి మరొకటి రావచ్చు. ఒకే రకం పొర వేర్వేరు అవయవాలలో ఉన్నా ఒకే తీరుగా జబ్బుపడవచ్చు.

1819లో ఆగస్ట్ మాయర్ ఈ శాస్త్రానికి 'హిస్టాలజీ' అని పేరు పెట్టాడు. గ్రీకులో 'హిస్టోస్' అన్నా మగ్గమే.

3. కణం వచ్చిన తరువాత

ఇక్కడొక కాలక్రమాన్ని గమనించాలి. బిషా కాలానికి, జంతుశరీరమంతా సజీవ కణాలతో నిర్మితమన్న ఎరుక లేదు. ఆ రోజుల్లో 'కణ తిస్యు' అన్నప్పుడు పొరల నడుమ ఉండే చిన్న ఖాళీలనే ఉద్దేశించేవారు. 1839లో థియోడర్ ష్వాన్ జంతువులకూ కణసిద్ధాంతాన్ని వర్తింపజేశాకే కణజాలాన్ని కణాల పరంగా చూడడం మొదలైంది. 1850లలో కోలికర్, లైడిగ్ గ్రంథాలతో ఉపకళ, సంయోజకం, కండరం, నాడి అనే నాలుగు తరగతులు స్థిరపడ్డాయి.

కాబట్టి 'టిష్యూ' ష్వాన్‌కు ముందరి మాట. 'కణజాలం' ష్వాన్ తరువాతి జ్ఞానాన్ని తనలో ఇముడ్చుకున్న మాట. 'జాలం' అంటే వల మాత్రమే కాదు, సమూహం కూడా. శబ్దజాలం, కిరణజాలం వంటి సమాసాలలో ఉన్నది ఆ అర్థమే. ఒకే నిర్మాణం, ఒకే విధి గల కణాల సమూహం అన్న పాఠ్యపుస్తక నిర్వచనం ఈ పేరులోనే ఉంది.

ఈ పేరు అన్నిటికన్నా బాగా నప్పేది ఉపకళకు. అక్కడ కణాలు ఒకదానికొకటి ఆనుకొని, నడుమ దాదాపు ఖాళీ లేకుండా, పరచిన బండల్లా ఉంటాయి. ఊపిరితిత్తుల వాయుగోణులలో వాయువులు దాటిపోయేందుకు వీలుగా పలుచగా, చిన్నపేగులో పోషకాలను పీల్చుకునేందుకు స్తంభాకారంగా, చర్మంపై ఒరిపిడిని తట్టుకునేందుకు అనేక వరుసలుగా అమరుతాయి. ఇక్కడ పోగూ లేదు, నేతా లేదు. ఉపకళ అన్న మాట సుశ్రుతసంహిత శారీరస్థానంలోని ఏడు 'కళ'లను గుర్తుచేస్తుంది. ధాతువుకూ ఆశయానికీ నడుమ హద్దుగా ఉండే పొరలను ఆ గ్రంథం కళలంటుంది. అలాగని సప్తధాతువులను నేటి కణజాలాలతో ఒకటికొకటిగా జతచేయడం సరికాదు. ఆ వర్గీకరణ ఆహారపరిణామక్రమం మీద ఆధారపడింది.

సంయోజక కణజాలం దగ్గరికి వచ్చేసరికి మన పదం తడబడుతుంది. స్నాయుబంధనం, మృదులాస్థి, ఎముకలలో కణాలు తక్కువ. వాటి చుట్టూ ఉన్న మాత్రికే ఎక్కువ. బలం కణాలది కాదు, కణాలు స్రవించిన కొల్లాజెన్ పోగులది. ఇక్కడ మగ్గం ఎరిగినవారికి పాఠం సులువు. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనంలో పోగులన్నీ ఒకే దిశలో సాగుతాయి: పడుగు ఉంది, పేక లేదు. అందుకే నిలువుగా లాగితే గట్టిగా నిలుస్తుంది. చర్మం లోపలిపొరలో పోగులు అన్ని దిశలలో అల్లుకొని ఉంటాయి కనుక ఎటు లాగినా ఓర్చుకుంటుంది. కంటి కార్నియాలో ఒక పొర పోగులు పక్క పొర పోగులకు అడ్డంగా పరచుకుంటాయి. పడుగుపేకల అమరికకు శరీరంలో కొంత దగ్గరగా వచ్చేది అదే.

రక్తం రెండు మాటలనూ ఇరుకున పెడుతుంది. అది నేసినది కాదు, దాని కణాలు ఒకచోట నిలిచేవీ కావు. అయినా ప్లాస్మాను ద్రవరూప మాత్రికగా పరిగణించి దానిని సంయోజక కణజాలాలలో చేర్చారు. గుంట మగ్గంపై కూర్చున్న నేతకారుని కాలు తొక్కేది నియంత్రిత కండరంతో, ఆ కాలికి ఆజ్ఞ చేరేది నాడీ కణజాలంతో. ఆ రెండూ అలసిపోకుండా ఇంధనం మోసేది ఈ రక్తమే.

4. పత్తి దుమ్ము

బిషా వాదానికి ఈ ప్రాంతపు వృత్తిలోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. ముడి పత్తి దుమ్మును ఏళ్ల తరబడి పీల్చేవారికి వచ్చే వ్యాధిని బిస్సినోసిస్ అంటారు. జిన్నింగు, వడుకు పనులు చేసేవారు దీని బారిన పడే అవకాశం ఎక్కువ. శ్వాసమార్గపు ఉపకళపై ఉండే సన్నని శైలికలు, జిగురులో చిక్కిన దుమ్మును పైకి నెట్టివేస్తుంటాయి. పత్తి దుమ్ముతో పాటు లోపలికి చేరే సూక్ష్మజీవుల విషపదార్థాలు ఆ పొరను వాచేలా చేస్తాయి, దాని అడుగునున్న అనియంత్రిత కండరం బిగుసుకుంటుంది, గాలిగొట్టం ఇరుకవుతుంది. దెబ్బ మొదట తగిలేది ఊపిరితిత్తి మొత్తానికి కాదు, ఈ రెండు కణజాలాలకు. తొలిదశలో ఛాతీ పట్టేసినట్లుండడం సెలవు తరువాత పనికి వచ్చిన మొదటి రోజున ఎక్కువగా ఉండి, వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. తగ్గింది కదా అని కార్మికుడు మరచిపోతాడు, మరుసటి సోమవారం మళ్లీ మొదలవుతుంది. ఏళ్లు గడిచాక ఆ బిగువు వారమంతా ఉండిపోతుంది.